వాతావరణం గడిలో నా పేరు

రిటైరయ్యాక నన్ను అప్పుడప్పుడూ కొత్త ఇంజనీర్ల శిక్షణకు పిలుస్తుంటారు. పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, "సార్, మీ సర్వీసులో పెద్ద విజయం ఏమిటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పయ్యేళ్ళు పైపుల వెల్డింగులు తనిఖీ చేసుకుంటూ తిరిగినవాడికి విజయాలేముంటాయి? పగలని పైపు గురించి ఎవరూ మాట్లాడరు. పగిలిన పైపు ఒకటుంది, దాని గురించి చెబుతాను. తప్పు ఎవరిదో ముందే చెప్పేస్తున్నాను, నాదే. ఆ ఒక్క ముక్కని కాగితం మీదికి ఎక్కించడానికి పడ్డ తంటాలే ఇదంతా.

బస్తర్‌లో, తోంగ్‌పాల్ దాటాక సుక్మా వెళ్ళే రోడ్డు పక్కన, ఇనుప ఖనిజం బురదని నీళ్ళతో కలిపి తోసే పైపులైను వేస్తున్నాం. నేను యజమాని కంపెనీ తరఫున వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ని. వెల్డింగు చేసేది కాంట్రాక్టరు మనుషులు. ఈ ఇద్దరి మీదా ప్రాజెక్టు పెద్దాయన ఒకరు. ఆయన జగదల్‌పూర్ ఆఫీసులో కూర్చుని ప్రతి సాయంత్రం ఫోన్‌కి ఒకే ఒక్క సందేశం పంపేవారు: "ఈరోజు ఎన్ని?" ఎన్ని జాయింట్లు అయ్యాయని. ఎలా అయ్యాయని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. పైగా ఆయన గోడ మీద "ఆలస్యం అమృతం విషం" అని అట్ట మీద రాయించి పెట్టుకున్నారు. ఆ అట్టని పీకి పొయ్యిలో పెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఎన్ని అన్నదానికి లెక్క ఎక్స్‌రే అయిన జాయింట్లతోనే. వెల్డింగు అయ్యాక పైపు చుట్టూ ఫిల్ము చుట్టి ఫొటో తీస్తారు. లోపల పగులుంటే గీతలా కనిపిస్తుంది. ఆ ఫొటో తీసే మనిషి రాయ్‌పూర్ వైపువాడు, భయస్థుడు, మంచివాడు, ఎప్పుడూ గడియారం చూసుకునేవాడు. చీకటి పడేలోపు బండ్లన్నీ క్యాంపులో ఉండాలని అక్కడ రూలు. పైపు కాలుతుంటే ఫిల్ము పాడవుతుంది, చల్లారేదాకా ఆగితే చీకటి పడుతుంది. అందుకని అతను రోజూ మధ్యాహ్నం నుంచే పైపు దగ్గర నిలబడి, "గరం హై సాబ్, ఫిల్మ్ ఖరాబ్ హో జాయేగా" అని నా ప్రాణం తీసేవాడు.

ఇటు పక్క పెద్ద వెల్డరు. భోపాల్‌పట్నం మనిషి, యాభై దాటాయి. దేశంలో సగం పైపులైన్ల మీద ఆయన చేతి గుర్తుంది. గుర్తంటే నిజంగానే గుర్తు. ప్రతి వెల్డరుకీ ఒక నంబరు ఉంటుంది, తను వేసిన జాయింటు పక్కన ఆ నంబరు రాయాలి. పరీక్ష నెగ్గినవాడికి ఆ నంబరుతో ఒక కార్డు ఇస్తారు. కార్డు పోతే ఏ పైపులైను మీదా గేటు లోపలికి రానివ్వరు. ఆయన ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపలి జేబులో, పొగాకు డబ్బీ కింద దాచుకునేవాడు.

ఆయనకో అలవాటుండేది. వెల్డింగు పూర్తవగానే, వేడి ఒక్కసారిగా పోకుండా, గాజునార దుప్పటి ఒకటి తెచ్చి జాయింటుకి చుట్టేవాడు. అది చిరిగి చీలికలైతే బైండింగు తీగతో కుట్టుకున్నాడు. చుట్టాక పక్కనే గొంతుక్కూచుని పొగాకు నలుపుకుంటూ కదిలేవాడు కాదు. బాలింత దగ్గర కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఫిల్ము మనిషి దుప్పటి తియ్యమంటాడు, ఈయన తియ్యడు. ఇద్దరూ నా దగ్గరికే వస్తారు. ఈ పంచాయితీలు తీర్చలేక నాకు తల బొప్పి కట్టేది.

ఒకరోజు తొందరపడి వేడి మీదే ఫిల్ము చుట్టారు. అది నల్లగా కమిలిపోయింది. ఆ సాయంత్రం సందేశానికి "సున్నా" అని జవాబు పెట్టాల్సి వచ్చింది. పెద్దాయన ఫోన్ చేసి నన్ను ఉతికి ఆరేశారు. మర్నాడు మళ్ళీ అదే పేచీ మొదలైంది. అప్పుడు నేను, బుద్ధున్నవాణ్ణి, లోహశాస్త్రం చదువుకున్నవాణ్ణి, అరిచి చెప్పాను: "ఆ దుప్పటి అవతల పారెయ్యండి. గోనెసంచి తడిపి కప్పండి. పది నిమిషాల్లో చల్లారుతుంది."

పెద్ద వెల్డరు లేచి నిలబడ్డాడు. "ఏంది సారూ, ఎర్రగున్నదాని మీద నీళ్ళు పోసుడేంది?" అన్నాడు.

"నువ్వు వెల్డింగు చూసుకో. చల్లార్చడం నేను చూసుకుంటాను," అన్నాను. నా సర్వీసులో నేనన్న మాటలన్నిటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది ఇదే.

ఆయన దుప్పటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి తడి గోనె మా సైటు ఆచారమైపోయింది. వాగు నుంచి నీళ్ళు మోసే ఆడకూలీలే సంచులు తడిపి తెచ్చేవారు. ఫిల్ము మనిషి ముఖంలో నవ్వు చూశాను. పెద్దాయన ఫోన్లో మొదటిసారి "శభాష్" అన్నారు. ఈ సంగతి ఎక్కడా రాసిలేదు. రాయడానికి గడి లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

సంచులు మోసేవాళ్ళలో కోంటా వైపు నుంచి వచ్చినావిడ ఒకామె ఉండేది. హిందీ, దోర్లీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడేది. ఒకరోజు పైపు మీద సంచి వేసింది. చుయ్‌మని ఆవిరి లేచింది. ఆమె వెనక్కి జరిగి నాతో అంది: "సారు, మా మామ కొలిమి పని చేత్తాడు. గొడ్డలి కాల్చి మొన మటుకే నీళ్ళల్ల ముంచుతాడు. మొత్తం ముంచితే చెట్టుకి తగలంగనే ఇరిగిపోద్దంటాడు. మీరు మొత్తం ముంచుతాన్రు గదా?"

"ఇది గొడ్డలి కాదమ్మా, పైపు," అన్నాను.

"పైపు ఇనుము కాదా సారు?"

నేను ఫోన్లో పడిపోయాను. చూశారా, జీతం తీసుకునేది నేను, సరైన ప్రశ్న అడిగింది ఆవిడ.

తర్వాత మూడు వారాలకి, వాగు దాటించాల్సిన చోట, వెల్డింగైపోయిన పొడుగాటి పైపుని క్రేన్లతో ఎత్తి కందకంలోకి దించుతున్నాం. పొద్దున పదకొండు దాటింది. పైపు గాల్లో కొంచెం వంగింది. అది మామూలే, వంగాలి. అప్పుడు 'టప్' మని ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు, ఎండు కట్టె విరిచినట్టుంది. ఒక జాయింటు అడుగున నోరు తెరుచుకుంది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. అంతకు పది నిమిషాల ముందు ఆ కోంటా ఆవిడ సరిగ్గా అక్కడే సంచులు పిండుకుంటూ ఉంది.

జాయింటు నంబరు చూశాం. పెద్ద వెల్డరుది. ఫిల్ము తీసి చూశాం. ఎక్కడా గీత లేదు, అద్దంలా ఉంది.

మధ్యాహ్నానికి పెద్దాయన దిగారు. కాంట్రాక్టరు మేనేజరు వచ్చాడు. గుడారంలో ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఫిల్ము బాగుంది, ఉక్కు మంచిది, పని మొదలవకముందు షెడ్డులో వేయించిన నమూనా జాయింటు అన్ని పరీక్షలూ నెగ్గింది. ఇంక మిగిలిందెవరు? జాయింటు పక్కన నంబరున్నవాడు. కార్డు రద్దు చేసి పంపెయ్యమన్నారు. ఫారం నేను నింపాలి. "కారణం: వెల్డరు పనితనం లోపం" అని రాశాను. కింద సంతకం పెట్టాను.

పెద్ద వెల్డరు గుడారం బయట నిలబడి ఉన్నాడు. కార్డు తీసి ఇచ్చాడు. ఇస్తూ అడిగాడు: "సంచి సంగతి రాసినవా సారూ?"

"రాస్తాను," అన్నాను.

"ఎప్పుడు రాస్తవు?"

"ల్యాబ్ రిపోర్టు రానీ, చూద్దాం."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తన హెల్మెట్టూ, ఆ చిరుగుల దుప్పటీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచి బస్సెక్కాడు. నేను గుడారంలో కూర్చుని టీ తాగాను. సిగ్గుగానే ఉంది, అయినా తాగాను. ఆ సిగ్గుని మూడు వారాలు మోశాను గానీ నోరు విప్పలేదు. పెద్దాయనంటే భయం, రిటైర్మెంటు దగ్గర పడిందన్న భయం, అన్నిటికీ మించి అంత చదువుకున్నవాడు ఇంత చిన్న విషయం మరిచాడా అని నలుగురూ నవ్వుతారన్న భయం.

పగిలిన ముక్క రాయ్‌పూర్‌లో ల్యాబుకి వెళ్ళింది. అక్కడ ఉక్కు పరీక్షలు చేసే అమ్మాయి తెలుగమ్మాయే, మహా నిక్కచ్చి. ఫోన్ చేసి, పలకరింపులు కూడా లేకుండా, "సార్, దీన్ని నీళ్ళలో ముంచారా?" అని అడిగింది. నేను రాయ్‌పూర్ బస్సెక్కాను.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు, విసుక్కోకండి. ఉక్కులో గట్టిదనం వేరు, చేవ వేరు. గట్టిది గీతపడదు. చేవున్నది దెబ్బ తగిలితే వంగి, సాగి, దెబ్బని మింగుతుంది. పైపుకి కావలసింది చేవ. అది ఉక్కు పేరులోనో, కొన్న కాగితంలోనో ఉండదు, లోపలి అల్లికలో ఉంటుంది. వెల్డింగు వేడికి అతుకూ, దాన్ని ఆనుకున్న అంచూ కరిగి, కాగి, పాత అల్లికని పోగొట్టుకుంటాయి. కొత్త అల్లిక ఎలా వస్తుందన్నది అవి చల్లారే తీరుని బట్టి ఉంటుంది. నిదానంగా చల్లారితే సన్నటి గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి. గభాలున చల్లార్చితే సూదుల్లాంటి గట్టి అల్లిక బిగుసుకుంటుంది. అది చాలా గట్టిది, చాలా పెళుసు.

ఆ అమ్మాయి ఒకే జాయింటు నుంచి రెండు ముక్కలు కోసింది, ఒకటి పైపు నెత్తి మీద నుంచి, ఒకటి అడుగు నుంచి. మైక్రోస్కోపులో పెట్టి చూడమంది. నెత్తి ముక్కలో సన్నటి గింజలు నిండుగా ఉన్నాయి. అడుగు ముక్కలో అంచు వెంట సూదులే సూదులు. తర్వాత గాటు పెట్టిన ముక్కల్ని యంత్రంలో నిలబెట్టి లోలకం సుత్తిని వదిలింది. నెత్తి ముక్కని కొట్టి సుత్తి సగంలోనే నీరసించింది, ముక్క వంగి చీలింది. అడుగు ముక్కని కొట్టినప్పుడు సుత్తి ఆగనే లేదు, ముక్కలు రెండూ గోడకి తగిలాయి. అదే ఎండు కట్టె చప్పుడు.

"అడుగునే ఎందుకు సార్?" అంది ఆ అమ్మాయి. ఎందుకో నాకు తెలుసు. మా వెల్డర్లు రెండు పక్కలా నెత్తి నుంచి కిందికి వేసుకుంటూ వస్తారు. ఆఖరి పూత ముగిసేది అడుగున. సంచి వేసేసరికి నెత్తి మీద కాస్త చల్లారి ఉంటుంది, అడుగు ఇంకా ఎర్రగానే ఉంటుంది. గోనెలోంచి కారే నీళ్ళన్నీ చేరేదీ అక్కడికే.

"మరి ఫిల్ములో పగులు ఎందుకు కనపడలేదంటారు?" అని మళ్ళీ తనే అడిగి, తనే చెప్పింది. వెల్డింగు రాడ్డు పూతలోంచి హైడ్రోజన్ అతుకులోకి చేరుతుంది. నెమ్మదిగా చల్లారితే బయటికి పోతుంది. నీళ్ళు పోస్తే లోపలే చిక్కుకుని, ఆ పెళుసు చోట్లో నిదానంగా, ఒక రోజుకో రెండు రోజులకో పగులు పుట్టిస్తుంది. మేం ఫిల్ము తీసింది గంట లోపే. అంటే నా తొందర పగులునీ పుట్టించింది, అది కనపడకుండానూ చేసింది. ఇదంతా నేను కాలేజీలో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే.

షెడ్డులో వేసిన నమూనా ఎందుకు నెగ్గిందో కూడా చెప్పాలి. దాన్ని వేసిన రోజున తొందర లేదు. పెద్ద వెల్డరు తన దుప్పటి కప్పి మర్నాడు పొద్దున తీశాడు. మేం పరీక్షించింది ఆయన ఓపికని. కందకంలో దించింది నా కంగారుని.

మీటింగు జగదల్‌పూర్‌లో పెట్టారు. పెద్దాయన ల్యాబ్ రిపోర్టు తిరగేసి, "హైడ్రోజన్ అని రాశారు, అది చెమ్మలోంచే వస్తుంది. రాడ్లు చెమ్మపట్టి ఉంటాయి, వెల్డరు ఆరబెట్టుకోలేదు. ఫైలు మూసెయ్యండి," అన్నారు.

"రాడ్లు పొడిగానే ఉన్నాయండీ. తడి గోనెసంచులు కప్పించాం. చెప్పింది నేను," అన్నాను.

"ఏ రికార్డులో ఉంది?" అన్నారాయన.

"ఏ రికార్డులోనూ లేదండి."

"రికార్డులో లేనిది జరగలేదు."

"జరిగిందండీ. నేనే చేయించాను."

"ఈ ఫారంలో ఎక్కడ రాస్తారు మరి?" అని ఫారం నా ముందుకి తోశారు. నిజంగానే గడి లేదు. కారణం కింద వెల్డరు, రాడ్డు, యంత్రం, ఉక్కు, వాతావరణం, అంతే. ఇన్‌స్పెక్టరు తప్పు చేస్తాడని ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడికి తట్టనే లేదు. తప్పు ఒప్పుకుంటానంటే కూడా చోటివ్వని ఆఫీసు మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, కలం తీసి వాతావరణం గడిలో రాశాను: "తడి గోనెసంచులు. వెల్డింగు ఎర్రగా ఉండగానే ఇన్‌స్పెక్టరు ఆదేశంతో కప్పారు." కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. ఫొటో తీసి అక్కడ కూర్చునే నేరుగా హెడ్డాఫీసు క్వాలిటీ విభాగానికి పంపాను. పెద్దాయన మళ్ళీ నాతో మాట్లాడలేదు. సాయంత్రం సందేశాలు కూడా ఆగిపోయాయి, అదొక్కటే లాభం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. నెల రోజులకు గానీ హెడ్డాఫీసు కదల్లేదు. కదిలాక మాత్రం, గోనె కప్పిన జాయింట్లన్నిటినీ అడుగు నుంచి మళ్ళీ పరీక్షించమంది. మరికొన్నింటిలో వెంట్రుకంత పగుళ్ళు దొరికాయి. అవి మట్టి కింద ఆ వాగు పక్కనే ఉండిపోయేవి. అన్నీ కోసి మళ్ళీ వెయ్యాలన్నారు. నా మీద మెమో వచ్చింది, ఆఖరి ప్రమోషను ఆగిపోయింది. వెల్డరు కార్డు తిరిగి ఇమ్మన్నారు. పోస్టులో పంపుదామన్నాడు మేనేజరు. నేనే పట్టుకెళ్ళాను.

భోపాల్‌పట్నంలో రోడ్డు మీద ఒక షాపులో ఆయన కిటికీ ఊచలు అతుకుతున్నాడు. ఇంద్రావతి అవతల కూడా పని అడిగాడట, కార్డు లేదని ఎవరూ తీసుకోలేదట. ముఖానికున్న అద్దం పైకెత్తి నన్ను చూశాడు. కూర్చోమనలేదు.

కార్డూ, దాంతోపాటు ఆ ఫారం నకలూ ఇచ్చాను. కార్డు బల్ల మీద పెట్టాడు. ఫారం దూరంగా పట్టుకుని చదివాడు. నిదానంగా, వేలితో గడులు చూపించుకుంటూ చదివాడు.

"వాతావరణంల రాసినవేంది సారూ?"

"వేరే గడి లేదు."

ఆయన మీసం కొంచెం కదిలింది. "నిజమేలే. నువ్వు గాలివాన లెక్కనే వస్తుంటివి," అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "రెండు నెలలాయె సారూ. ఊర్లె నన్ను పైపు ఇరగ్గొట్టినోడంటున్రు. గీ కాయితం ఆ రోజే రాస్తే ఏం పోతుండె?"

తప్పయిందన్నాను. "అయింది," అన్నాడాయన. అంతకంటే ఎక్కువ క్షమ నాకు దొరకలేదు, అడగను కూడా లేదు.

వారం తర్వాత సైటుకి తిరిగి వచ్చాడు. మొదటి జాయింటు కోసిన చోటే మళ్ళీ వేశాడు. ఆఖరి పూత అడుగున ముగించి, పైకి లేచి, ఆ తీగకుట్ల దుప్పటి చుట్టాడు. కోంటా ఆవిడ సంచులు వాగులో ఉతికి ఎండేసుకుంటోంది, ఇప్పపూలు ఏరుకోవడానికి పనికొస్తాయని అడిగి తీసుకుంది. ఫిల్ము మనిషి తన పెట్టె మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. పొద్దు వాలుతోంది. నేను అలవాటుగా వాచీ చూసి, నోరు తెరవబోయాను.

పెద్ద వెల్డరు పొగాకు నలుపుకుంటూ, నా వైపు తిరక్కుండానే అన్నాడు: "మీరు కాయితం చూసుకోన్రి సారూ. సల్లారుడు నేను చూసుకుంట."

నేను వాచీ విప్పి జేబులో వేసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.